ముట్టుకుంటే ఒకటి

వినండర్రా పిల్లలూ. మీ తాతలకు తాతలు పుట్టకముందు, గదాపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చండకేతు పిడికిలి బిగించి గుద్దితే ఏనుగు కూలబడేది. నడిపివాడు వీరకేతు కుస్తీకి దిగితే ఎద్దునైనా ఎత్తి పడేసేవాడు. చిన్నవాడు మణికేతుకు మాత్రం పోరంటేనే విసుగు. పుట్టింది మొదలు గోదా మట్టి, వాచిన చెవులు, తొడ చరుపులు. "ఎవరు గెలిస్తే నాకేం, కాస్త పడుకోనివ్వండి" అనేవాడు.

ఏడు సముద్రాల అవతల పగడదీవిలో కంకాళుడనే మాంత్రికుడున్నాడు. వాడు తరళ అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి, లోకమంతా చాటింపు వేయించాడు. "నన్ను గోదాలో గెలిచినవాడికి ఈ పిల్లనిస్తాను. ఓడినవాడు నా గోదా చుట్టూ రాతిస్తంభమై నిలబడాలి!"

పిల్లనివ్వడానికి వాడెవడు, కన్నతండ్రా? అయినా మగవాళ్ళు బారులు తీరారు. పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రాణి అన్నం మానేసింది. మణికేతు నిట్టూర్చి చెప్పులు తొడుక్కున్నాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన ముసలి ఉడుమును విడిపించాడు.

"నాయనా, నాకొచ్చిన విద్య ఒక్కటే. పట్టుకుంటే వదలను. దీన్ని ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. నేర్చుకుంటావా?" అంది ఉడుము.

"పడుకుని చేసేదేనా, మామా?"

"పడుకునే."

"అయితే నేర్పు."

మూడు రోజులు నేర్పి, ఉడుము ఒక తాబేలును పిలిచింది. తాబేలు అతణ్ణి వీపునెక్కించుకుని ఒక సముద్రం దాటి "ఇంకా ఆరా?" అంది. రెండోది దాటి "ఇంకా అయిదా?" అంది. ఏడూ దాటించి, మాటా పలుకూ లేకుండా ఒడ్డున పడి నిద్రపోయింది.

గోదా చుట్టూ రాతిస్తంభాలు. ఒకటి పిడికిలి బిగించి ఉంది, పెద్దన్న. పక్కది వేలు చాచి ఉంది, నడిపన్న. మధ్యలో తరళ ఒక చిలకకు జామపండు తినిపిస్తోంది.

"ఇంకో స్తంభం వచ్చిందా?" అంది తల ఎత్తకుండానే.

"మా అన్నలు ఎలా ఓడారు?"

"ఈ చిలక లెక్కకు ఓడారు. ఒంటిమీద చెయ్యి పడగానే ఇది నోరు తెరుస్తుంది. చెయ్యి తీయగానే అంకె చెబుతుంది. ముందు నూరు ఎవరిదైతే వాడిదే గెలుపు. మీ పెద్దన్న ఒక్క గుద్దుకు వాణ్ణి గోడకు కొట్టాడు. చిలక ఒకటంది. వాడు లేచొచ్చి వేలితో నూరుసార్లు తాకాడు. చిలక నూరంది."

"నడిపన్న?"

"ఆయన తెలివైనవాడు! లెక్క తెలుసుకుని, కుస్తీ మానేసి, తానూ తాకడం మొదలెట్టాడు. నూరేళ్ళుగా తాకడమే పనైనవాడితో! తొంభై దగ్గర రాయయ్యాడు. ఏడేళ్ళుగా చూస్తున్నాను రాజకుమారా. సింహాల్లా వస్తారు, దోమల్లా గెంతుతారు."

"వాడి ప్రాణం ఎక్కడుంది?"

"ఇది చెప్పే అంకెలో. ప్రతి తాకుడుకూ అంకె చెప్పినంతకాలం వాడికి చావు లేదు. దీన్ని నరకబోతే కత్తులే విరిగాయి."

"తాకినవాడు చెయ్యి తియ్యకపోతే?"

తరళ మొదటిసారి తల ఎత్తింది. "అలా ఎవరూ చెయ్యలేదు. అంకె రాదుగా."

మర్నాడు పొద్దున కంకాళుడు చంకలు గుద్దుకుంటూ వచ్చాడు. "మూడో గొర్రె! రారా!"

మణికేతు తొడ చరచలేదు. నడిచివెళ్ళి, వాడి నడుము చుట్టేసి, కిందకు లాగి పక్కనే పడుకున్నాడు. చిలక నోరు తెరిచింది. అంతే, ఉడుంపట్టు.

కంకాళుడు అతణ్ణి నూరుసార్లు తాకాడు, వెయ్యిసార్లు తాకాడు. మొదటి అంకె చెప్పనిదే చిలక రెండోది ఎలా చెబుతుంది? తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"వదలరా చేతకానివాడా! ఇదీ ఒక పోరేనా?"

"విసుగ్గా ఉంది కదూ? నాకూ అంతే."

మొదటి రోజు భుజాలు మండాయి. రెండో రోజు వేళ్ళు మొద్దుబారాయి. మూడో రోజు వదిలేద్దామనిపించింది. ఎదురుగా అన్న చాచిన రాతివేలు కనబడింది. వదల్లేదు.

తెరిచిన నోటితో చిలక నాలుక ఎండిపోయింది. తరళ జామముక్క చూపించింది. "నూరేళ్ళు లెక్కపెట్టావు తల్లీ, ఎవరి కోసం? ఇక చాల్లే. నోరు మూసుకుని ఇది తిను."

మూసుకోవచ్చని చిలకకు అంతకుముందు ఎన్నడూ తోచలేదు. ఆమె వంక చూసింది, మణికేతు వంక చూసింది. నోరు మూసుకుంది. అంకె చెప్పలేదు.

కంకాళుడు పట్టులోనే పిడికెడు బూడిదయ్యాడు. రాతిస్తంభాలన్నీ మనుషులై ఒళ్ళు విరుచుకున్నాయి. తరళ వదిలేస్తే చిలక ఎగిరిపోయింది.

"నన్ను గెలిచావనుకోకు," అంది తరళ.

"గెలవలేదు, వదల్లేదంతే. ఇప్పుడు చేతులు పైకి లేవడం లేదు. ఇక నీ ఇష్టం."

ఆమె అతణ్ణి భుజం పట్టి లేపింది. "అన్నం ఎవరు తినిపిస్తారు మరి? పద."

పెళ్ళయింది. నలభై ఏళ్ళు చల్లగా ఏలారు. గదాపురం గోదాలో ఎవరికెన్ని వచ్చాయని అడిగినవాడికి రాణి తరళ ఆకాశం చూపించి, "చిలకనడుగు" అనేది. అందరూ బాగుపడ్డారు. నడిపన్న ఒక్కడే అన్నం ముద్దను వేలితో ఒకసారి తాకి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. అది మానడానికి మూడేళ్ళు పట్టింది.