నాయనింగారి చివంగులు

“స్వామీ, ఈ బీళ్లలో జింకలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిని తరిమి పట్టే చివంగి పులి మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకు పోయాయి?” అని అడిగాడు శిష్యుడు శరభన్న. మఠం అరుగు మీద వేరుశనగకాయలు వలుస్తున్న ఓబుళయ్యస్వామికి వాదించి ఒప్పించే అలవాటు లేదు. ఆయన ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ సీమను ఏలిన పెద్దిరాజు నాయనింగారికి చివంగులంటే ప్రాణం. ఒళ్లంతా నల్లచుక్కలు, కళ్ల నుంచి మూతిదాకా కన్నీటి చారల్లాంటి గీతలు. ఆ ముఖం చూస్తే ఆయన మనసు కరిగిపోయేది. వాటి కళ్లకు గంతలు కట్టి, ఎడ్లబండి మీద పక్కనే కూర్చోబెట్టుకొని వేటకు తీసుకుపోయేవారు. జింకల మంద కనబడగానే గంత విప్పేవారు. ఆ పరుగును కన్ను అందుకోలేకపోయేది. జబ్బు చేస్తే వాటి పక్కనే పడుకొనేవారు. అయినా కోటలో ఉన్న చివంగి ఏదీ పిల్లల్ని పెట్టలేదు. ఒకటి చచ్చిపోయినప్పుడల్లా ఆయన అన్నం ముట్టేవారు కాదు. దుఃఖం కాస్త తగ్గాక బోయ కదిరప్పను పిలిచి, బీళ్లలోంచి మరొకదాన్ని పట్టి తెమ్మనేవారు.

ఒక ఎండాకాలం కదిరప్ప తెచ్చిన చివంగి చన్నులు పాలతో బరువెక్కి ఉన్నాయి.

“దొరా, ఇది పిల్లతల్లి. పిల్లలు గడ్డిలో ఉండాయి. దీన్ని ఇడిసిపెడదాం,” అన్నాడు.

నాయనింగారి కళ్లు చెమర్చాయి. “తల్లినీ పిల్లల్నీ వేరుచేస్తానా? పోయి వాటినీ తీసుకురా. నా చేతులతో పెంచుతాను.”

పిల్లలు వచ్చాయి. మేకపాలు తాగి, దొర ఒళ్లో నిద్రపోయి పెద్దవయ్యాయి. తల్లి వెనక బీళ్లలో తిరగలేదు గనక వాటికి వేట పట్టుబడలేదు. జింక ఎదురుగా నిలబడినా బండి దిగక, దొర ముఖం వైపే చూసేవి. ఆయన వాటిని ఒక్క మాట అనలేదు. వేట తెలిసినదాన్ని తెమ్మని కదిరప్పను మళ్లీ పంపారు.

వెళ్లినవాడు వానలు పడ్డాక ఉత్తచేతులతో తిరిగివచ్చాడు.

“అడుగుజాడ కూడా లేదు దొరా. అంతా ఎతికినాను.”

నాయనింగారు ఒళ్లో తలపెట్టుకున్న పెంపుడు చివంగిని నిమురుతూ, “నేను ఒక్కదాన్నీ చంపలేదు గదరా,” అన్నారు. ఆ గొంతులోని దిగులు విని కదిరప్ప తలవంచుకున్నాడు. చేతిలోని ఉచ్చుతాళ్లు అక్కడే నేలమీద పెట్టి, బయటికి నడిచాడు.

స్వామి ఆగారు. శరభన్నకు కోపం ఆగలేదు.

“అంత అబద్ధం ఆడడానికి ఆయనకు నోరెలా వచ్చింది స్వామీ?”

“అబద్ధం కాదు నాయనా,” అన్నారు ఓబుళయ్యస్వామి. “వాటిని ఆయనకన్నా ప్రేమగా చూసుకున్నవాళ్లు ఈ సీమలో లేరు.”