వణకని చెంచా

చెంచా చెయ్యడానికి మౌనేశాచారికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ హాయిగా నిద్రపోయాడు. దాని గురించి నాలుగు పేజీలు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పాపం కంటి మీద కునుకు లేదు.

ఆదోనిలో ఇత్తడి సామాన్లు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. ఊరి చివర ఒంటిగదిలో ఉండే పీరాసాయెబు తాత అతనికి గురువు. తాత ఫకీరు, ఇతను కంసాలి. ఆ ఊళ్ళో అదేమంత వింత కాదు లెండి.

తాతకు చేతుల వణుకు వచ్చి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ నలుగురిలో తినడం మానేశాడు. ఎవరైనా అన్నం తెస్తే, "ఆకలి లేదప్పా, మీరు తినండి" అనేవాడు. ఆకలి లేకనా! నోటిదాకా ఎత్తేసరికి సగం గడ్డం మీద, సగం ఒళ్ళో. ఒకరోజు కిటికీలోంచి మౌనేశు అది చూశాడు. ఇంటికెళ్ళగానే పని మొదలుపెట్టాడు.

పిడి ఎంత వణికినా తల నిలకడగా ఉండే చెంచా అది. పిడి చివర రింగు, రింగులో సన్నటి ఇరుసు, ఆ ఇరుసుకు వేలాడే చెంచా తల, దాని అడుగున బరువుకు బఠాణీ గింజంత ఇత్తడి గుండు. తాత దాంతో మొదటిసారి గిన్నెడు రాగిజావ ఒక్క చుక్క ఒలక్కుండా తాగాడు. తాత ఖాళీ గిన్నెను చాలాసేపు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు.

కర్నూలులో తెలిసిన వకీలు ఆ సంగతి విని ఎగిరి గంతేశాడు. "పేటెంటుకు పెట్టండి ఆచారిగారూ! దరఖాస్తు పడేదాకా ఎవరికీ చూపించకండి. ఎలా చెయ్యాలో మాత్రం పూర్తిగా రాయాలి. పని తెలిసినవాడెవడైనా మీ కాగితం చదివి చేయగలగాలి. అలా రాసిస్తే ఇరవై ఏళ్ళు అది మీదే. మీరు తెలుగులో రాయండి, ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటా."

ఎవరికీ చూపించొద్దన్న మాట తాత చెవిన పడింది. "నీ పని అయ్యేదాకా తలుపేసుకునే తింటాలేప్పా" అన్నాడు.

ఇక మౌనేశు భయం సంగతి. పదేళ్ళ కిందట అతనో కొత్తరకం పట్టకారు చేశాడు. వేడి గిన్నె దాన్నుంచి జారనే జారదు. కొట్టుకు వచ్చిన వ్యాపారి ఒకడు భలే ఉందే అని అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళాడు. ఆర్నెల్లలో ఆ పట్టకారు ప్రతి సంతలోనూ వేలాడింది. మౌనేశు పెళ్ళామే, తెలియక, ఒకటి కొనుక్కొచ్చింది! ఆ కడుపుమంట మనిషికి ఇప్పటికీ చల్లారలేదు.

అందుకే ఈసారి అన్నీ రాశాడు, ఒక్కటి తప్ప. ఇరుసుకు అటొకటి ఇటొకటి మిరియపు గింజంత తోలుబిళ్ళలు ఉంటాయి. అవి లేకపోతే చెంచా తల ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ బిళ్ళల ఊసే కాగితంలో లేదు.

మర్నాడు కర్నూలు ప్రయాణమనగా, పొద్దున్నే కాగితాలు తెచ్చి తాత ముందు పెట్టాడు. "దీవించు తాతా."

తాత కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మళ్ళీ మొదటికొచ్చాడు.

"పనిసంచీ తెచ్చినావా?"

"అది లేనిదే నేనెక్కడికి కదుల్తాను తాతా!"

"ఇంకో చెంచా చెయ్యి. నేను చదువుతా ఉంటా. ఇందులో ఉన్నదే చెయ్యి, లేనిది చెయ్యద్దు."

మౌనేశు కాదనలేక సంచీ విప్పాడు. తాత ఒక్కో వాక్యం చదువుతున్నాడు, ఇతను రేకు కత్తిరిస్తున్నాడు, రింగు వంచుతున్నాడు, గుండు అతుకుతున్నాడు. ఇరుసు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటుగా సంచీలోని చిన్న డబ్బీ మీదికి పోయింది.

"అందులో ఏముందప్పా?"

"ఏం లేదు తాతా."

తాత తల ఊపి తర్వాతి వాక్యం చదివాడు. డబ్బీ సంచీలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి చెంచా తయారైంది. చూడ్డానికి ముద్దుగా ఉంది, నిగనిగా మెరుస్తోంది. రాగిజావ గిన్నె ముందుకు జరుపుకుని తాత కొత్త చెంచా అందుకున్నాడు. జావలో ముంచి ఎత్తాడు. చెయ్యి వణికింది, చెంచా తల ఊగింది, ఊగి ఊగి జావంతా గడ్డం మీద ఒలికింది. మళ్ళీ ముంచాడు. ఈసారి తెల్ల చొక్కా మీద. కోపం లేదు, విసుగు లేదు. మూడోసారి నోటిదాకా ఏదో కాస్త చేరితే చప్పరించి, "బాగుందప్పా జావ" అన్నాడు. నాలుగోసారి ముంచబోయాడు.

మౌనేశు ఇక చూడలేకపోయాడు. రెండు చేతులతో ఆ చేతిని పట్టేసుకున్నాడు. "వద్దు తాతా, నీకు దండం పెడతా. ఇది నా చెంచా కాదు!"

"కాగితం నీదే కదప్పా?"

మౌనేశు భోరున ఏడ్చేశాడు. పంచె చెంగుతో తాత గడ్డం తుడుస్తూ, చొక్కా తుడుస్తూ తోలుబిళ్ళల సంగతంతా చెప్పేశాడు. పట్టకారు ముచ్చటా మళ్ళీ చెప్పాడు.

"అంతా రాసేస్తే నాకేం మిగుల్తుంది తాతా? ఏ దొంగ నాయాలో మళ్ళీ ఎగరేసుకుపోతే?"

తాత వణికే చేత్తో అతని తల నిమిరాడు.

"పోతే పోనీలే అంటానా అప్పా? నీ కష్టం నీకు దక్కాల్సిందే. ఇరవై ఏళ్ళు నీది. ఆ తర్వాత నువ్వుంటావో ఉండవో, నేనైతే ఉండను. చేతులు వణికే ముసలోళ్ళు ఉంటారు. వాళ్ళకు నువ్వు దొరకవు, ఈ కాగితం దొరుకుతుంది."

మౌనేశు ముక్కు చీదుకున్నాడు. పాత చెంచా కడిగి తాత చేతికిచ్చాడు. జేబులోంచి పెన్ను తీసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఇరుసు గురించి రాసిన చోట వెతుక్కుని అంచున ఎక్కించడం మొదలుపెట్టాడు. గొర్రెతోలు అని రాశాడు. మందం రాశాడు, వెడల్పు రాశాడు, అటొకటి ఇటొకటి అని రాశాడు. అంతా అయ్యాక గుండె తేలికపడి, తాత వైపు తిప్పి చూపించాడు.

తాత నిమ్మళంగా జావ తాగుతూ చదివాడు.

"ఆముదం రాయలేదే?"

మౌనేశు గతుక్కుమన్నాడు. తోలు మూడు రోజులు ఆముదంలో నానాలని ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పలేదు.

"నీకెట్లా తెలుసు తాతా?"

"నాలుగు నెలల్నుంచీ నా ముక్కు కిందే పెడుతున్నావు కదప్పా" అన్నాడు తాత. నవ్వి, ఇంకో చెంచా ముంచుకున్నాడు.

మౌనేశు కాగితం వెనక్కి తీసుకుని మళ్ళీ పెన్ను తీశాడు.