పలకని గది

తుమ్మలగిరి రాజుగారి సభకు ఆనుకుని ఉన్న గదిలో వల్లభయ్య అనే ముసలాయన ఉండేవాడు. రాజ్యంలోని పొలాల హద్దులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. తగవు వస్తే రాజు సింహాసనం మీంచే అడిగేవాడు, ఆయన లోపలినుంచే చెప్పేవాడు.

రహస్యాలు బయటికి పొక్కుతాయని మంత్రి భద్రప్ప ఆ గదికి కంబళ్లు కుట్టిన జోడు తలుపులు పెట్టించాడు. మర్నాటి నుంచి రాజు ఎంత పిలిచినా జవాబు లేదు.

"ముసలాయనకు మతి పోయింది ప్రభూ! ఆయన్ని తీసేసి మా బావమరిదిని పెట్టుకుందాం," అన్నాడు మంత్రి.

భర్త వల్లభయ్యకు అన్నం తెచ్చిన నాంచారమ్మ ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ కొలువు పోతే వాళ్లింట్లో పొయ్యి వెలగదు.

"తలుపులు మూసి ఉంటే ఆయనకు వినపడడం లేదేమో బాబూ," అంది.

"చాల్లేవమ్మా! రాజుగారు పిలిస్తే నేను ఏడు గోడల అవతలున్నా పలుకుతాను."

"అయితే ఒక్కసారి లోపల కూర్చోండి. మీరు పలికితే మా ఆయన్ని నేనే ఇంటికి తీసుకుపోతాను."

మంత్రి మీసం దువ్వుకుంటూ లోపలికి వెళ్లాడు. భటులు తలుపులు మూశారు. రాజు పిలిచాడు. గొంతు చించుకుని మళ్లీ పిలిచాడు. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

"మహారాజా, మంత్రిగారికీ మతి పోయినట్టేనా?" అని అడిగింది నాంచారమ్మ. "ఆయన కొలువుకు ఎవరి బావమరిదిని చూద్దాం?"

సభ ఘొల్లున నవ్వింది. రాజు తలుపులు ఊడదీయమన్నాడు. వడ్రంగులు వాటిని లాగేసరికి, లోపల మంత్రి వల్లభయ్యతో అంటున్నాడు:

"చూశావా? నేను పలికేస్తానని తెలిసే రాజుగారు పిలవడం మానుకున్నారు!"