బూరుగు కట్టె మంట

ముందుగా బూరుగు చెట్టుకి ఓ దణ్ణం. పొయ్యిలో దాని పనితనం గురించి నేనేమీ గొప్పలు చెప్పలేను గానీ, దాని మేలు చెప్పకపోతే మాత్రం నా నోరు పడిపోతుంది.

కొండ వారన ఓ అడివి. పుష్యమాసపు చలి ఎముకల్ని కొరుకుతోంది. సాయంత్రం కాగానే జంతువులన్నీ చేరి నెగడు వేసుకునేవి. పెత్తనం ఏనుగమ్మది. ఆవిడ తోస్తేనే చెట్టు పడేది, కట్టె దొరికేది. ఆ అడివిలో ఒక కట్టుబాటుంది. ఫలానా చెట్టు మంటకి మంచిదని ఎవరు చెబుతారో, వాళ్ళే ఆ నెగడుకి పొగ వైపు కూర్చోవాలి. గాలి ఎటు తిరిగితే అటు జరగాలి. ఉచిత సలహాలకి ఇంతకన్నా మంచి మందు నేనెక్కడా చూడలేదు.

ఆ ఏడు బూరుగు మాను తొర్రలో చిలకమ్మ పిల్లల్ని చేసింది. వాటికింకా రెక్కలు రాలేదు. కిందినుంచి చూసీ చూసీ నక్క బావకి మెడ పట్టేసింది. తను చెట్టెక్కలేడు. మరి చెట్టే కిందికొస్తే?

ఎండిన తుమ్మ కట్టె ఒకటి తెచ్చాడు. ముళ్ళ ముళ్ళ బూరుగు బెరడు దాని చుట్టూ చుట్టి, తుమ్మ బంకతో అంటించాడు. చంకన పెట్టుకుని నెగడు దగ్గరికొచ్చాడు.

"పెద్దమ్మా, తుమ్మ కోసం రోజూ వాగు దాకా నడిచి నీ కాళ్ళరిగిపోతున్నాయి. కళ్ళెదుట బూరుగు మాను పెట్టుకుని ఏమిటీ ఖర్మ?"

"బూరుగా?" అంది ఏనుగమ్మ. "అది కట్టెకి పనికిరాదని మా అమ్మ అనేదే!"

"అమ్మగారి కాలం వేరు. ఇదిగో బూరుగు కట్టె. కాల్చి చూడు, పోయేదేముంది?"

లోపలున్నది తుమ్మ కదా! నిదానంగా అంటుకుని కణకణమని నిప్పులయింది. పొగే లేదు. నక్క బావ పొగ వైపు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"అబ్బబ్బ, నా వీపు ఎంత వెచ్చబడిందో!" అన్నాడు ఎలుగు మావ. సొంత బుర్రని ఏనాడూ ఇబ్బంది పెట్టని మనిషి. "తోసెయ్ ఏనుగమ్మా!"

ఏనుగమ్మ లేచింది. కొమ్మ మీంచి చిలకమ్మ అంతా వింటూనే ఉంది. ఏడిస్తే నక్కకి పండగ. కిందికి దిగి నవ్వుతూ వాలింది.

"నక్క బావా, నీ నోట్లో చక్కెర పొయ్య! మా చెట్టుకింత గుణముందని నాకే తెలీదు. పెద్దమ్మా, ఒక్క మాట. పచ్చి మాను తోస్తే అది ఎండేసరికి చలికాలమే వెళ్ళిపోతుంది. పోయినేడు గాలికి విరిగిన కొమ్మ చెట్టు కిందే ఎండి పడుంది. ముందు దాన్ని వెయ్యండి. బావ ఎలాగూ పొగ వైపే ఉన్నాడు."

నక్క బావ కాలు దించాడు. "ఎందుకమ్మా శ్రమ, ఇప్పుడే చూశారుగా! నాకెందుకో కడుపులో..."

"కూర్చో," అంది ఏనుగమ్మ. "కట్టుబాటంటే నీ ఇష్టమా?"

ఎలుగు మావ కొమ్మని లాక్కొచ్చి, పైకెత్తి తెల్లబోయాడు. "ఇదేంటి, ఇంత లావుంది, చేటంత బరువు లేదు!"

నిప్పులో వేశారు. తాటాకు మంటలా భగ్గుమంది, అంతలోనే చల్లబడింది. దానికి నిప్పులు కట్టలేదు, మిగిలింది బూడిద, దాంతోబాటు పొగ. నక్క బావ ఎటు జరిగితే గాలీ అటే. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

"తుమ్మ! ఇందాకటిది తుమ్మ కట్టెనమ్మా! బెరడొక్కటే బూరుగుది! వదిలెయ్యండి నన్ను!"

"ఎందుకు చేశావురా?" అంది ఏనుగమ్మ.

దగ్గుతూనే నక్క బావ చూపు తొర్ర వైపు పోయింది. చిలక పిల్లల కోసమని అందరికీ తెలిసిపోయింది. ఎలుగు మావ అతని చెవి పట్టుకుని వాగు అవతల దిగబెట్టి వచ్చాడు.

ఏనుగమ్మ బూరుగు మాను దగ్గరికెళ్ళి, ఇందాక తోయబోయిన చోటే తొండం ఆనించింది.

"తల్లీ, నువ్వు మంటకి పనికిరాకపోవడమే మా అదృష్టం. పనికొచ్చి ఉంటే నిన్నెప్పుడో బూడిద చేసుకునేవాళ్ళం."

"నిజమే," అన్నాడు ఎలుగు మావ, తలొంచుకుని. "దీని కొమ్మల్లో తేనెపట్టే కదా ఏటా నా నోరు తీపి చేసేది. తిన్న నోటితోనే తోసెయ్యమన్నాను."

కుందేళ్ళు తమ బొరియల్లో పరుచుకున్న బూరుగు దూది తలుచుకున్నాయి. చిలకమ్మ తొర్రలోకి దూరి పిల్లల మీద రెక్కలు కప్పింది.

అందరూ ఆ చలిలోనే తుమ్మ కట్టెకి బయల్దేరారు, విసుక్కోకుండా. అవతలి గట్టున నక్క బావ ఎర్రటి కళ్ళు కడుక్కుంటూ కూర్చున్నాడు, ఎవరికీ ఏ సలహా ఇవ్వకుండా.

చెట్టు విలువ పొయ్యిని అడక్కు, గూటిని అడుగు.