వేకువ శ్రోతలు

ఆ ఎండాకాలం సుమనుడనే భిక్షువుకి ఒక సందేహం పట్టుకుంది. చేపలకు ధర్మం అర్థమవుతుందా?

అతనుండే విహారం సముద్రానికి ఆమడ దూరంలో, పెద్ద మంచినీటి సరస్సు ఒడ్డున దిబ్బ మీద ఉంది. రోజూ తెలతెలవారుతుండగా రేవు మెట్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుని ధర్మగాథలు వల్లించడం అతని అలవాటు. వైశాఖం ఎండలకు సరస్సు కుంచించుకుపోయింది. పాయ గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుకొస్తోంది. అలాంటి ఒక వేకువన కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నీళ్ళ మీద వందల నోళ్ళు! బొచ్చె చేపలు, చిన్న పరిగెలు తలలు పైకెత్తి నోళ్ళు తెరుస్తూ మూస్తూ అతని ముందు గుమిగూడి ఉన్నాయి. పొద్దెక్కాక ఒక్కటీ లేదు. మర్నాడు మళ్ళీ వచ్చాయి.

సుమనుడు పరీక్షించి చూశాడు. గొంతు పెంచాడు, తగ్గించాడు, గాథ మార్చాడు. ఏం చేసినా వచ్చాయి. కొర్రమీను మాత్రం ఒక్కసారి పైకొచ్చి, గుటకేసి, చక్కా పోయేది. 'సాటి చేపల్ని మింగేది కదా, దానికెలా తలకెక్కుతుంది!' అనుకున్నాడు.

సంగతి పల్లెకు పాకింది. జాలర్లు వలలు చుట్టి అటకెక్కించారు. ధర్మం వినే చేపను పట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? పొద్దున్నే పూలు, పేలాలు, పాలు తెచ్చి నీళ్ళలో వదిలి దండం పెట్టుకునేవారు. అవన్నీ అక్కడే కుళ్ళి, రేవు దగ్గర నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. తలలెత్తే చేపలు రోజురోజుకీ ఎక్కువయ్యాయి. ఒకనాడు కొన్ని వెల్లకిలా తేలాయి.

"మీ గాథలు విని పుణ్యలోకాలకు పోయాయి సామీ," అంది ఒక ముసలమ్మ.

ఆ మాట సుమనుడికి లోపలెక్కడో తియ్యగా తగిలింది.

ఆ సాయంత్రం గురువు ఉపసేనుడి దగ్గరకు వెళ్ళాడు. ఆయన తన కాషాయ చీవరానికి అతుకు వేసుకుంటున్నారు.

"భంతే, చేపలు ధర్మం వింటాయా?"

"నీకేమనిపిస్తోంది?"

"వింటున్నాయనే అనిపిస్తోంది. ఒక్కటే అంతుపట్టడం లేదు. మధ్యాహ్నం ఇవే గాథలు చదివితే ఒక్కటీ రాదు. వేకువనే ఎందుకొస్తాయి?"

ఉపసేనుడు దారం కొరికి, "మంచి ప్రశ్న. రేపు నేనూ వస్తాను," అన్నారు.

మర్నాడు ఆయన చంకన ఒక కడవ పెట్టుకుని రేవుకొచ్చారు. పల్లెజనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. సుమనుడు గాథ మొదలుపెట్టాడు. చేపలు వచ్చాయి.

గురువు చీవరం ఎగదోపుకుని, రేవుకి కాస్త ఎడంగా మోకాలిలోతు నీళ్ళలోకి దిగారు. కడవ ముంచారు. తలకంటే ఎత్తుకి లేపి ధారగా వంచారు. మళ్ళీ ముంచారు, మళ్ళీ వంచారు. నీళ్ళు దబదబా పడి నురగ లేచింది.

ముందు చిన్న పరిగెలు అటు తిరిగాయి. వాటి వెనక బొచ్చెలు. చూస్తుండగానే గుంపంతా సుమనుడికి వీపు చూపించి నురగ దగ్గరికి పోయింది. ఆయన మోకాళ్ళ చుట్టూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఆ చప్పుడుకి బెదిరి పారిపోవాలే!" అన్నాడు ఒక జాలరి.

సుమనుడు గొంతు పెంచాడు. ఒక్కటీ ఇటు తిరగలేదు. గాథ మధ్యలోనే ఆగిపోయింది.

"ఇలా రా నాయనా," అన్నారు గురువు.

అతను దిగి దగ్గరికి వెళ్ళాడు. ఉపసేనుడు చీవరం కొంగు నీళ్ళలో ముంచి, ఆ తడిబట్ట అతని ముక్కూ నోరూ కప్పేలా పరిచి పట్టుకున్నారు.

"ఇప్పుడు చదువు."

సగం పాదం పలికేసరికి ఊపిరి అందలేదు. సుమనుడు బట్ట లాగేసి, తల పైకెత్తి, నోరంతా తెరిచి గాలి పీల్చాడు. ఎదురుగా ఒక బొచ్చె, అలాగే తల పైకెత్తి, అలాగే నోరు తెరిచి ఉంది.

"మరి వేకువనే ఎందుకు, భంతే?" అన్నాడు సుమనుడు.

"ఎండ లేని రాత్రంతా నీళ్ళలో ఊపిరి చాలక ఓర్చుకుంటాయి. ఇక ఓర్చుకోలేనప్పుడు పైకొస్తాయి."

సుమనుడు గురువు చేతిలోంచి కడవ అందుకుని నీళ్ళు ముంచాడు. అటకెక్కిన వలల్లో ఒకటి తెచ్చి, జాలర్లు రేవులో కుళ్ళిన పూలన్నీ బయటికి లాగారు. ఎండ పైకొచ్చి చేపలు లోపలికి దిగేదాకా అతను వంచుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి వేకువ గాథలు విహారంలోనే చదువుకుని, రేవుకి కడవతో వెళ్ళేవాడు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. ఏటి ఎర్రనీరు సరస్సులోకి పోటెత్తి, ఉప్పునీటిని పాయలోంచి వెనక్కి నెట్టేసింది. నీరు తేటపడ్డాక ఒక వేకువన సుమనుడు రేవుకి వెళ్ళాడు. గాలికి అలలు మెట్లను తాకుతున్నాయి. నీళ్ళ మీద ఒక్క నోరూ లేదు. చాలాసేపు చూసి తిరిగొచ్చాడు.

"భంతే, ఇవాళ ఒక్కటీ రాలేదు."

ఉపసేనుడు నవ్వారు.

"బాగున్నాయన్నమాట."