నాంచారి ముక్కుకు ఆపరేషన్

ఆ ఊళ్ళో బుర్రా వారిల్లంటే తెలివికి పుట్టిల్లని బుర్రా వారే చెప్పుకునేవారు. ఇంకెవరూ చెప్పకపోవడంతో ఆ పని కూడా వాళ్ళే చూసుకోవాల్సి వచ్చేది.

పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంటి పెద్ద కొండలరావు, "మనకింత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అనేవాడు. "పైకి అనకండి, దిష్టి తగుల్తుంది" అనేది భార్య పేరిందేవి. కొడుకు త్రిమూర్తులు తల రెండు చేతులతో పట్టుకునేవాడు, తెలివి ఒలికిపోకుండా.

ఆ ఇంటి కోడలు నాంచారి. ఆమెది కాస్త చప్పిడి ముక్కు. వాళ్ళమ్మదీ అదే ముక్కు, అమ్మమ్మదీ అదే. మూడిళ్ళవతల పాలు పొంగితే ముందు తెలిసేది ఆ ముక్కుకే. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు ఎవరి పెళ్ళిలోనో ఫోటోలు తీసేవాడు, "మీ కోడలి ముక్కు ఫోటోలో పడట్లేదండీ" అన్నాడు.

ఇంకేముంది! పడకపోతే ఎక్కడికి పోయిందని ముగ్గురూ ఫోటో తిరగేసి వెనక వెతికారు. దొరకలేదు. అంతే, ఆపరేషన్ చేయించాల్సిందే అన్నారు.

"ఆ ముక్కు నీకు నప్పలేదే నాంచారీ" అంది అత్తగారు.

"నప్పిందత్తయ్యా. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే వాడుతున్నాను."

"నీకు నప్పితే చాలా? చూసేది మేం గదా!"

"అయితే ఆపరేషన్ మీ కళ్ళకి చేయించుకోకూడదా?"

నాంచారి నిజంగానే అడిగింది. అత్తగారు నిజంగానే ఆలోచించింది. "నాకు కళ్ళజోడు ఉంది గదే!" అంది.

నాంచారికి ఒకటే బెంగ. కొత్త ముక్కుకి వాసన తెలియకపోతే? చూడ్డానికి సన్నగా ఉండి, పప్పు మాడుతుంటే చోద్యం చూస్తూ కూర్చునే ముక్కుతో జీవితమంతా ఎలా వేగడం? ఆ సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

పట్నం ఆసుపత్రిలో నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది. ముందురోజు రాత్రి తలంటుకోవాలి, నూనె రాయకూడదు. ముఖం సబ్బుతో కడిగి, దాని మీద ఏమీ ఉంచకూడదు. జుట్టు ముఖం మీదికి రాకుండా కట్టుకోవాలి. ఎండ తగలనివ్వకూడదు. పొద్దున ఏమీ తినకూడదు. తోడొచ్చేవాళ్ళు కూడా శుభ్రంగా రావాలి.

"ఇంతేనా? తెలివైనవాళ్ళకి ఇదో లెక్కా!" అన్నాడు కొండలరావు.

ముందురోజు సాయంత్రం అత్తగారు కోడలి ముఖం కడిగింది. పసుపు పోయింది, బొట్టు పోయింది, ముక్కుపుడక పోయింది. ఆ రుద్దుడుకి నాంచారికి ఏడుపొచ్చింది. "ముఖం మీద ఏమీ ఉండకూడదంటే కన్నీళ్ళు పెడతావేంటే?" అని కసిరింది అత్తగారు. మావగారు విసనకర్రతో కన్నీళ్ళు ఆరబెట్టాడు. అంతలో బుగ్గ మీద ఈగ వాలింది. ఉంచకూడదు గదా! అత్తగారు ఛెళ్ళున ఒక్కటిచ్చింది. ఈగ ఎగిరిపోయింది. చెంప మిగిలింది.

తర్వాత తలంటు. జుట్టు ముఖం మీదికి రాకూడదు, కానీ జుట్టు తలకే ఉందాయె! అత్తగారు జడ అల్లి కిటికీ ఊచకి కట్టేసింది. "ఇప్పుడు ఎలా వస్తుందో నేనూ చూస్తా" అంది జడతో.

త్రిమూర్తులు తోడు వెళ్ళాలి గదా, అతనూ శుభ్రం కావాలి. తలంటుకుని, ముఖం తోమి, మీసం తీసేసి, పస్తు పడుకున్నాడు.

తెల్లారింది. బస్సుతో పాటు ఎండా వచ్చింది.

"ఎండలో దీన్నెలా తీసుకెళ్తాం?" అన్నాడు త్రిమూర్తులు.

"గొడుగుంది గదండీ" అంది నాంచారి కిటికీ దగ్గర్నుంచి.

"గొడుగు వానకి" అన్నాడు మావగారు.

అంతే. ఆమెను అక్కడే నీడపట్టున వదిలేసి, ముగ్గురూ ఆపరేషన్‌కి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి గాని తిరిగి రారనుకున్న నాంచారికి మర్నాడు సాయంత్రం వాకిట్లో అలికిడి వినిపించింది. పక్కింటావిడ వచ్చి ఊచకి కట్టిన జడ విప్పి, అన్నం పెడితే తింటోందప్పుడు. అత్తగారు నవ్వుతూ వచ్చింది. వెనకాల త్రిమూర్తులు, ముక్కు మీద ఇంత కట్టుతో.

"నీ ఆపరేషన్ అయిపోయిందే!" అంది అత్తగారు. "డాక్టరు గారు పేషెంటేదీ అన్నారు. ఎండ తగలకుండా ఇంట్లో కట్టేసి వచ్చామన్నాను. ముక్కు లేకుండా ముక్కుకెలా చేస్తానమ్మా అన్నారు. అప్పుడు మనవాడు ముందుకొచ్చాడు చూడూ!"

"పెళ్ళిలో పంతులు గారు చెప్పారు గదా, ఇక మీరిద్దరూ ఒకటేనని" అన్నాడు త్రిమూర్తులు మూసుకుపోయిన ముక్కుతో. "ఎవరికి చేసినా ఒకటే."

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. అవసరం పడలేదు మరి. డాక్టరు గారికీ ఆ రోజు బల్ల ఖాళీగా ఉందట.

నాంచారి ముక్కు తడుముకుంది. అమ్మ ముక్కే. "నాకేం నొప్పి లేదత్తయ్యా!"

"వాడు పడుతుంటే నీకెందుకుంటుందే!"

ఆపరేషన్ అయినవాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదని డాక్టరు గారి ఆజ్ఞ. ఆపరేషన్ ఎవరిది? నాంచారిది. అంతే, ఆమెని మంచం మీద రెండు దిండ్లెత్తు వేసి పడుకోబెట్టారు. త్రిమూర్తుల్ని వంటింట్లోకి తోలారు.

కాసేపటికి నాంచారి మంచం మీంచి, "ఏవండీ, పప్పు మాడుతోంది!" అంది.

"నాకేం వాసన రావట్లేదే!" అన్నాడు త్రిమూర్తులు పొగలోంచి.

"చూశారా!" అని చప్పట్లు కొట్టింది అత్తగారు. "కొత్త ముక్కు ఎంత బాగా పనిచేస్తోందో!"

కొండలరావుకి ఆశ పుట్టింది. "మొగుడూ పెళ్ళాం ఒకటైతే, తల్లీ కొడుకూ ఒకటి కాదా? తండ్రీ కొడుకూ ఒకటి కాదా? మనిద్దరి ముక్కులూ చేయించేద్దామే. వాణ్ణి పంపితే సరి!"

త్రిమూర్తులు మాడిన గిన్నె దించి, దొడ్లో కూర్చుని తలంటుకి కుంకుడుకాయలు కొట్టడం మొదలెట్టాడు.

"ఏవండీ, ముఖం మీద ఏమీ ఉండకూడదు, జాగ్రత్త!" అని గుర్తు చేసింది నాంచారి దిండ్ల మీంచి.

సరిగ్గా అప్పుడే కట్టు మీద ఈగ వాలింది.

అత్తగారు చెయ్యెత్తింది.