మంచులో నిమ్మగడ్డి వాసన

ఎప్పటి మాటో నాకూ తెలీదు. మా ముత్తవ్వకి వాళ్ల ముత్తవ్వ చెప్పిందట. ఊఁ కొడుతూ వినండి.

మన్యంలో ఒక కొండ ఊరు. ఆ ఊళ్లో సుక్రి అని ఒక ముసలమ్మ. పొలం లేదు, పుట్ర లేదు. నిమ్మగడ్డి కాగులో ఉడికించి, ఆవిరిని వెదురుగొట్టంలోంచి చల్లార్చి నూనె తీయడం ఒక్కటే తెలుసు. తలనొప్పికి కణతలకు రాసినా, నిద్రపట్టని పిల్లల పక్కన చుక్క వేసినా ఆ నూనే. మోపులకు మోపులు ఉడికిస్తే దోసెడు రాదు. ఆ వచ్చిందంతా కుండకెత్తి కొండ కింద దొరకి పంపాలి.

ఒక మధ్యాహ్నం, గడ్డికి వెళ్లిన ఐదుగురు ఆడవాళ్ల మీద మంచు దిగింది. వాళ్లలో సుక్రి కోడలు సొంబారి కూడా ఉంది. ఆ వాలు పక్కనే లోయ. అడుగు తప్పితే అంతే సంగతులు.

ఊరివాళ్లు డప్పు కొట్టారు. మోత మూడు కొండలకూ తగిలి మూడు వైపుల నుంచీ వినిపించింది. వాళ్లు ఎటు రావాలి? మంట వేశారు. మంచు దాన్ని మింగేసింది. గాలి ఇంకా ఊరి మీంచి కొండపైకే వీస్తోంది. పొద్దుగూకితే తిరిగిపోతుంది.

ఇంట్లోంచి నూనె కుండ తెచ్చింది. ఊరి పెద్ద బుద్రు అడ్డుపడ్డాడు.

“ఏటే సుక్రీ, అది దొర నూనె. సుక్క తగ్గితే తోలు ఒలిసేత్తాడు.”

“దొర రేపొత్తాడు మామా. సీకటి ఇప్పుడే వత్తాది.”

బుద్రు కుండ అందుకుని తనే ఇంత నూనె మంటలో పోశాడు. భగ్గుమని మాడు కంపు కొట్టింది.

“నిప్పులో కాదు మామా, నీళ్లలో,” అని సుక్రి కుండ లాక్కుంది.

మంట మీద కాగుతో నీళ్లు పెట్టి, మరగ్గానే ఒక గరిటె నూనె పోసింది. ఘుమ్మని ఆవిరి లేచింది. ఎవరూ రాలేదు. రెండో గరిటె పోసింది. కళ్లు మండి నీళ్లు కారాయి. ఎవరూ రాలేదు. గాలి మందగించింది. మూడోసారి కుండనే బోర్లించింది.

మంచులో ఎవరో దగ్గారు. వాసన పట్టుకుని ముందు సొంబారి, ఆమె చెయ్యి పట్టుకుని వెనక నలుగురు వచ్చారు. కోడల్ని కావిలించుకుని సుక్రి భోరున ఏడ్చింది.

మర్నాడు దొర మనుషులు వచ్చారు. “నూనె ఎవరు ఒలకబోశారు?” అన్నారు. ఊరు తల దించుకుంది. మళ్లీ అడిగారు. ఊరు తల దించుకుంది. మూడోసారి బుద్రు మీదికి కర్ర లేచింది.

“నానే,” అంది సుక్రి.

ఆమెను కొండ కిందికి తీసుకుపోయారు. ఐదుగురు ఆడకూతుళ్లని తెచ్చిచ్చిన మనిషి కోసం ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ సిగ్గు ఆ ఊరిని ఇప్పటికీ వదల్లేదు. సుక్రి మళ్లీ కనబడలేదు.

అందుకే ఆ కొండల్లో మంచు దిగితే ఇంటింటా ఎసరు పెట్టి గుప్పెడు నిమ్మగడ్డి వేస్తారు. తలుపులు మాత్రం మూయరు. ఎందుకే అవ్వా అని పిల్లలు అడిగితే, “సుక్రి ఇంకా ఇల్లు సేరనేదు గదా,” అంటారు.